పిండినల్లి

క్వార్టర్ తాళంచెవి చేతికిచ్చిన నాడే
కిటికీ కింద ఉన్నది క్రోటను,
తుప్పు పట్టిన పెయింటు డబ్బాల, ఒక పక్కకు ఒరిగి.
మాకంటె ముందున్నోళ్ళదా, వాళ్ళకంటె ముందోళ్ళదా.
కాలరీ ఆఫీసు రిజిస్టర్ల ఫ్యాను రాసున్నది,
రెండు బల్బులు రాసున్నయ్,
చెట్టు రాసి లేదు.

ఇరవయ్యొక్క ఏండ్లు.
బల్లార్షాల అన్నిటి మీదా బొగ్గే పడుతది.
ఆరేసిన చీర మీద, మూత తీసిన అన్నం మీద,
మొగిలి దగ్గిన రుమాల్ల.
ఆకులు తడిబట్టతోని తుడిస్తే బట్ట నల్లగయితది,
అప్పుడే ఎరుపు, పసుపు బయటికొస్తయ్.
అసొంటి ఊళ్ళె, పోయిన ఎండకాలం, ఆకు చంకల
తెల్లగ కనపడ్డది.
దూది అనుకున్న.
నా కొంగుకంటి డ్యూటీ నుంచి వచ్చిందనుకున్న.

దూదికి కాళ్ళుండయ్.

నేను కాలరీ దవాఖాన్ల ఆయాను.
చితికిన వేలు, చీరుకపోయిన మోకాలు,
పుండుల దిగిన బొగ్గు రవ్వ,
స్పిరిటు దూదితోని అద్ది తీసిన చెయ్యి ఇది.
సీసా అడుగున మిగిలింది ఇంటికి తెచ్చిన.
దొంగతనమే.
అగ్గిపుల్లకు దూది చుట్టి ఒక్కొక్కదాన్ని అద్దిన.
పిండి కరిగితే లోపల గులాబీరంగు ఒళ్ళు,
మెత్తగ, బట్ట లాగేసినట్టు.
ఒక గడియ చెయ్యాగింది.
మళ్ళ అద్దిన.

వేపనూనె కొట్టిన. సర్ఫు నీళ్ళు కొట్టిన.
పొగాకు నానబెట్టి కొడితే
మొగిలికి మానేసిన బీడీ యాదికొచ్చింది,
పురుగుకు ఏం కాలే.
వారం తిరగకముందే కాడ గణుపుల మళ్ళ తెలుపు.
బడిపిల్ల తలల ఈర్లు తీసినట్టు
దీపం పెట్టుకొని కూసున్న.
"పారెయ్యరాదే, పది రూపాయల చెట్టు" అన్నడు.
నీ దగ్గుతోని కాపురం జేస్తలేనా అన్న.

అసలు సంగతి చీమలు చెప్పినయ్.
ఆదివారం మద్దాన్నం, నలభై ఆరు డిగ్రీల ఎండ,
కాగితం మిల్లు వాసన కిటికీల నిలబడి కదులుతలేదు.
వరుస పట్టుకొని చూసుకుంట పోయిన:
కాడ మీంచి డబ్బాకు, డబ్బా నుంచి చువ్వకు,
చువ్వ నుంచి గోడ పగులుకు,
పగుల్లకెల్లి అవతలికి,
కుసుమ్‌బాయి వరండాల మందారానికి.
తెల్లదాన్ని నోట కరుచుకొని పోతున్నదొకటి,
కరుచుకొని వస్తున్నదొకటి.

ఆమె చేతిల గూడ పాత పండ్ల బ్రష్షున్నది.
ఆకు తిప్పి చూపెట్టింది. "పిఠ్యా ఢేకూణ్."
పిఠ్ అంటే పిండి. ఢేకూణ్ అంటే నల్లి,
పాత మంచాల నాడు నేర్చుకున్న మాట.
"మేము గూడ అదే అంటం" అన్న. "పిండినల్లి."
ఆమె రెండుసార్లు పలికి చూసింది, నల్లి దగ్గర నాలిక మడతపడ్డది.
నవ్వినం. తర్వాత లెక్క తీసినం.
నేను మంగళవారం తుడుస్తే ఆమెకు పోయినయ్,
ఆమె శనివారం తుడుస్తే నాకొచ్చినయ్.
కూర పంపిన గిన్నె ఖాళీగ తిప్పి పంపొద్దంటరు.
మేం ఎన్నడూ పంపలే.

ఇప్పుడు ఒక్కటే రోజు, ఒక్కటే పూట:
గురువారం పొద్దున, నా డ్యూటీ కంటె ముందు.
స్పిరిటు సగం ఆమెకు,
ఆమె నూరిన ఎల్లిపాయ నీళ్ళు సగం నాకు.
చీమల బాట మీద పసుపు గీత.
పగులుకు సిమెంటు మొగిలే పెట్టిండు, దగ్గుకుంట.
నడుమ ఎన్నడు కనపడ్డా గోడకు రెండు దెబ్బలు,
అది మా కరారు.
సగం కొమ్మలు కోసేసిన. మోడు లెక్కున్నది క్రోటను.
కింద ఒక చిగురు,
ఏ రంగయితదో ఇంక తేల్చుకోలే.

పోయినయా అంటే, పోలే.
నిన్న రాత్రి ఆకు తిప్పితే ఈనె పక్కన ఒకటి,
ఆవగింజల సగమంత.
గోడ కొడదామని చెయ్యి లేపిన.
నేను కొట్టకముందే
అవతలకెల్లి, రెండు.